ఇరవై నిమిషాలని చెప్పింది నేనే

ముందే చెప్తున్నా, ఇది కథ కాదు. మధ్యలో ఎవరైనా కిసుక్కున నవ్వితే అక్కడితో ఆపేస్తాను, తర్వాత బతిమాలినా చెప్పను. మా అమ్మాయి మీద ఒట్టు వేయమంటే వేయను, పిల్లల మీద ఒట్లు నాకు పడవు. ఇన్నేళ్లుగా నాకు అన్నం పెడుతున్న ఈ రెండు చేతుల మీద ఒట్టు... ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు.

నన్ను తెలియని వాళ్ల కోసం చెప్తాను. నా పేరు లక్ష్మి. భీమవరంలో కంప్యూటర్లు బాగుచేసే షాపు నాది. గాలి సోకింది, దయ్యం పట్టింది అంటే నేను నమ్మను. చెడిపోయిన ప్రతి యంత్రం వెనకా ఒక కారణం ఉంటుంది, దాన్ని పట్టుకునేదాకా నాకు నిద్ర పట్టదు. నాకు భయం తక్కువ, కోపం ఎక్కువ. మా ఆయన్ని అడగండి, చెప్తాడు.

ఆ రాత్రి నేను అక్కడికి వెళ్లింది కూడా కోపంతోనే.

మా ఊరికి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో నరసింహరాజు గారని ఒక రైతు ఉన్నారు. నాలుగు రొయ్యల చెరువులు. రొయ్యల చెరువంటే మీకు తెలుసుగా... నీళ్లలో ఆక్సిజన్ తగ్గిందంటే తెల్లారేసరికి పంట మొత్తం చచ్చి తేలిపోతుంది. అందుకే నీళ్ల మీద ఏరేటర్లు పెడతారు. రెక్కలు గిరగిరా తిరిగి నీళ్లని చిలికి గాలి కలుపుతాయి. వాటిని ఎప్పుడు తిప్పాలో, ఎంతసేపు తిప్పాలో చూడటానికి రాజు గారు ఒక పెద్ద కంప్యూటర్ పెట్టించారు. ఏదో మూతపడిన ఆఫీసు నుంచి వచ్చిన పాత సరుకు. ఇనప బీరువా అంత ఉంటుంది. పైన ఒక పెట్టె, కింద ఒక పెట్టె, మధ్యలో లావుపాటి కేబుల్. రెండు పెట్టెలూ కలిసి ఒకే కంప్యూటర్‌లా పనిచేస్తాయి.

దానికి ఒక నియమం పెట్టాం. ఏ కారణం వల్లనైనా కంప్యూటర్ ఆగిపోతే, చెరువుల మీద ఏరేటర్లన్నీ వాటంతట అవే తిరగడం మొదలుపెడతాయి. యంత్రం చచ్చినా రొయ్య బతకాలి కదా. ఆ ఆలోచన నాదే. అప్పట్లో చాలా గొప్పగా అనిపించింది కూడా.

ఆ రాత్రికి మూడు వారాల ముందు ఆ కంప్యూటర్‌ని పాత పాక నుంచి కొత్త షెడ్డులోకి మార్చారు. అప్పటినుంచి మొదలైంది నా కర్మ. అరగంట తిరగమంటే ఏరేటర్లు ఇరవై నిమిషాలకే ఆగిపోతాయి. ఒక్కోసారి ఆగమన్నవి ముందే లేచి తిరుగుతాయి. అదీ ప్రతిసారీ కాదు. రోజుకి ఒకసారో రెండుసార్లో, అదీ చీకటి పడ్డాకే.

రోజూ పొద్దున్నే ఫోను. "అమ్మా లక్ష్మమ్మా, మళ్లీ మొదలెట్టిందమ్మా."

నేను స్కూటరేసుకుని వెళ్లేదాన్ని. నేను వెళ్లేసరికి బంగారంలా పనిచేస్తూ ఉండేది. మూడుసార్లు వెళ్లాను. వైర్లు మార్చాను, నీళ్లలో పెట్టే సెన్సర్లు మార్చాను, కరెంటు తీయకుండానే ప్రోగ్రామంతా తుడిచేసి మళ్లీ ఎక్కించాను. వెనక్కి తిరిగి ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చోగానే మళ్లీ ఫోను.

"మీరంటే భయమమ్మా దానికి. మీరున్నంతసేపూ బుద్ధిగా ఉంటుంది," అన్నారు రాజు గారు ఒకసారి. ఆయన నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. నా పనితనం మీద నాకే అనుమానం వచ్చేలా చేసింది ఆ ఇనప్పెట్టె.

నాలుగోసారి అనుకున్నాను, సరే, చీకటి పడ్డాకే వేషాలేస్తావు కదా... రాత్రంతా నీ ఎదురుగానే కూర్చుంటానని. మా ఆయనకి చెప్పి, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, రాత్రి తొమ్మిదింటికి వెళ్లి షెడ్డులో కూర్చున్నాను. రాజు గారు కూడా ఉండిపోయారు. ఆడపిల్లని ఒక్కదాన్నే వదిలి వెళ్లడం పద్ధతి కాదని ఆయన పట్టు. మడత మంచం వేసుకున్నారు. పదింటికల్లా గుర్రు.

ఆ చెరువులకి రాత్రి కాపలా సత్తియ్య. యాభై అయిదేళ్లుంటాయి. సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన మత్స్యకారుల కుటుంబం. వేటకి వెళ్లడం మానేసి ఈ చెరువుల మీద పనికి కుదిరాడు. నేను బాబాయ్ అంటాను. ఆయన నన్ను మేడంగారండి అంటాడు, వద్దన్నా వినడు.

పదకొండు కాగానే ఎక్కడో దూరంగా విజిల్ వినపడింది. రెండు పొట్టి కూతలు. కుయ్... కుయ్. మా షెడ్డు ముందు కూర్చున్న సత్తియ్య టీ గ్లాసు కింద పెట్టేసి, గట్టెక్కి, టార్చి పైకెత్తి, తన విజిల్‌తో రెండు కూతలు కూశాడు. కాసేపటికి అవతల నుంచి ఒక్క కూత తిరిగొచ్చింది. తర్వాత దక్షిణం వైపు నుంచి ఇంకొకాయన మొదలుపెట్టాడు.

"ఏంటి బాబాయ్ ఇది?" అన్నాను.

"మా పద్ధతండి మేడంగారండి. ఉత్తరాన ఒకడు, ఇక్కడ నేను, దక్షిణాన ఒకడు. గంట గంటకీ రెండు కూతలు కూయాలండి. విన్నోడు చేతిలో ఏ పనున్నా వదిలేసి, గట్టెక్కి టార్చి చూపించి, బదులు రెండు కూతలు కూయాలి. అది విని మొదటోడు ఒక్క కూత కూసి సరే అనాలి. బదులు రాలేదనుకోండి, ఆడికేదో అయిందని మిగతా ఇద్దరూ పరిగెత్తుకొస్తారండి."

"అన్నం తింటుంటే?"

"చెయ్యి కడుక్కోకుండానే ఎక్కాలండి. చెరువు మీద ఒక్కడే ఉంటాడు కదండి మనిషి," అన్నాడు.

బాగుందనుకున్నాను. నా యంత్రానికి కూడా ఇంత క్రమశిక్షణ ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.

పన్నెండు దాటింది. ఒంటిగంట... రెండు... ఏమీ లేదు. దొంగ ముఖం పెట్టుకుని బుద్ధిగా పనిచేస్తోంది. స్క్రీను చూసీ చూసీ నా కళ్లు మంటలెత్తాయి. బయట సన్నగా మంచు దిగింది. తెల్లవారుజాము దగ్గర పడేకొద్దీ నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, ఏరేటర్లు ఒకదాని తర్వాత ఒకటి లేచాయి. చెరువు మీద ఒకటే హోరు.

మూడూ పదిహేనుకి సత్తియ్య వచ్చాడు.

"మేడంగారండి, మూడో చెరువులో ఆరో నంబరు ఏరేటర్ రెక్కకి తాడు చుట్టుకుందండి. అలాగే తిరిగితే మోటారు కాలిపోద్ది. దిగి కోసేయాలండి."

"బ్రేకర్ దించేసి దిగు బాబాయ్," అన్నాను.

"ఆరోదానికి బ్రేకర్ లేదండి. మొన్న కాలిపోతే డైరెక్ట్ కలిపేశారండి."

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. మంచం దగ్గరికి వెళ్లి రాజు గారిని లేపాను. "బ్రేకర్ లేకుండా డైరెక్ట్ ఇచ్చారంటండీ! నీళ్లలో మనుషులు దిగే చోటండీ అది!"

"రేపు వేయిస్తానమ్మా," అన్నారు ఆయన నిద్రలోనే. వారం రోజులుగా ఆ రేపు అలా నడుస్తోందట. పోనీ రోడ్డు పక్క ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరున్న మెయిన్ దించుదామంటే ఆ చెరువులో ఎనిమిది ఏరేటర్లూ ఆగిపోతాయి. ఆ వేళప్పుడు పావుగంట ఆగినా రొయ్య తేలిపోతుంది. నాలుగు రోజుల్లో పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మడం, పెట్టుకున్న చెరువు అది.

మిగిలిన దారి ఒక్కటే. బ్రేకర్ లేకపోయినా ఆరోది కంప్యూటర్ మాట వింటుంది కాబట్టి, అక్కణ్నుంచి ఆ ఒక్కదాన్నీ కాసేపు ఆపి ఉంచడం. మేము దాన్ని నిలుపుదల అంటాం. ఇన్ని నిమిషాలు దీన్ని ముట్టుకోకు అని యంత్రానికి చెప్తే, ఆక్సిజన్ ఎంత పడిపోయినా ఆ గడువు లోపల అది దాని జోలికి పోదు.

నేనే నొక్కాను. ఆరో నంబరు, ఇరవై నిమిషాలు. నా ఫోనులో మూడూ ఇరవై అయింది. బయట హోరులో ఒక గొంతు తగ్గింది.

"ఇరవై నిమిషాలు అది కదలదు బాబాయ్. నాదీ పూచీ. ధైర్యంగా దిగు," అన్నాను.

నాదీ పూచీ అన్నాను. ఆ మాట అన్నాను నేను.

ఆయన చొక్కా విప్పి మేకుకి తగిలించాడు. ఫోను చొక్కా జేబులోనే ఉంది. మెడలో తాడుకి విజిల్, చేతిలో టార్చి, నోట్లో కత్తి పెట్టుకుని గట్టు వెంట వెళ్లిపోయాడు. ఆరో నంబరు చెరువుకి ఆ చివర ఉంటుంది. షెడ్డు నుంచి నాలుగు వందల మీటర్లు.

నేను మళ్లీ స్క్రీను ముందు కూర్చున్నాను. ఆ యంత్రం తాను చేసే ప్రతి పనికీ పక్కన సమయం వేసి ఒక వరస రాస్తూ పోతుంది. ఊరికే దాన్ని చూస్తున్నాను. ఆ వరసలు నేను అంతకుముందు వందసార్లు చూశాను, కానీ పగలు చూశాను. పగలూ, ఆ రాత్రి అప్పటిదాకానూ పని తక్కువ, పై పెట్టె ఒక్కటే సరిపోయింది. ఇప్పుడు పని ఎక్కువై రెండు పెట్టెలూ కలిసి చేస్తున్నాయి.

మూడూ ఇరవై నాలుగు అని ఉంది. దాని కింది వరసలో మూడూ పదమూడు. దాని కింద మళ్లీ మూడూ ఇరవై నాలుగు. మళ్లీ పదమూడు...

కళ్లు నులుముకున్నాను. కాలం ముందుకీ వెనక్కీ ఊగుతోంది. పదకొండు నిమిషాలు ముందుకి, పదకొండు నిమిషాలు వెనక్కి. ప్రతిసారీ కచ్చితంగా పదకొండే.

చెప్తాను, వినండి, కష్టమైన సంగతేమీ కాదు. ఆ కంప్యూటర్‌కి బుర్ర ఒకటి కాదు, నాలుగు. పై పెట్టెలో రెండు, కింది పెట్టెలో రెండు. ఒక బుర్ర మొదలుపెట్టిన పనిని అదే ముగించాలని లేదు, ఏది ఖాళీగా ఉంటే అది అందుకుంటుంది. ఇక గడియారం సంగతి. కరెంటు ఇచ్చిన క్షణం నుంచి ప్రతి పెట్టె తన లెక్క తాను లెక్కపెట్టుకుంటూ పోతుంది. రెండింటికీ ఒకేసారి కరెంటు ఇస్తే లెక్కలు కలిసి నడుస్తాయి. అందుకే కొత్త షెడ్డులోకి మార్చిన రోజు రాజు గారికి ఫోన్లో చెప్పాను, రెండు స్విచ్‌లూ ఒకేసారి నొక్కండి అని. అలాగేనమ్మా అన్నారు. ఆ రోజు మా ఆడపడుచు ఇంట్లో ఫంక్షన్ ఉందని నేను స్వయంగా వెళ్లలేదు.

"రాజు గారూ!" అని అరిచాను. ఆయన ఉలిక్కిపడి లేచారు. "ఆ రోజు దీన్ని ఎలా ఆన్ చేశారండీ?"

"ఏ రోజమ్మా?"

"ఈ షెడ్డులోకి తెచ్చిన రోజండీ! రెండు స్విచ్‌లూ ఒకేసారి వేశారా లేదా?"

ఆయన తల గోక్కున్నారు. "పంతులు గారు తొమ్మిదీ పన్నెండుకి ముహూర్తం పెట్టారమ్మా. కొబ్బరికాయ కొట్టి, మా కోడలి చేత పై పెట్టె స్విచ్ వేయించాం. దీపం వెలిగింది. అందరం చప్పట్లు కొట్టాం. హారతిచ్చి పులిహోర పెట్టాం. అదయ్యాక సత్తియ్య అన్నాడు, కింద పెట్టె వేయలేదండి అని. అప్పుడు వేశాం."

"ఎంతసేపయిందండీ మధ్యలో?"

"ఎంతోసేపు కాదమ్మా, పది పన్నెండు నిమిషాలు. అయినా లగ్నం దాటలేదు. అందులోనే వేశాం."

ఏమనాలండీ ఆ మనిషిని? మూడు వారాలు... మూడు వారాలు నేను వైర్లు పీక్కుంటూ కూర్చున్నాను. పులిహోర! నాకు అక్కడే తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. పైన ఒక కాలం, కింద ఒక కాలం. కింది పెట్టె ఎప్పుడూ పదకొండు నిమిషాలు వెనకే నడుస్తోంది.

నోటికొచ్చింది అనబోయాను. అప్పుడు నా కళ్లు స్క్రీను మీద ఒక వరస దగ్గర ఆగాయి. ఆరో నంబరు, నిలుపుదల, ఇరవై నిమిషాలు. రాసింది కింది పెట్టెలోని బుర్ర. వేసిన సమయం మూడూ తొమ్మిది. గడువు తీరేది మూడూ ఇరవై తొమ్మిదికి.

కింది పెట్టె లెక్కలో ఇరవై తొమ్మిది. కానీ గడువు తీరిందా అని చూసేది పై పెట్టె అయితే... దాని గడియారంలో ఇరవై తొమ్మిది ఎప్పుడవుతుంది?

ఫోను చూశాను. మూడూ ఇరవై ఆరు.

నేనిచ్చిన ఇరవై నిమిషాలు ఇరవై కాదు. తొమ్మిది. అందులో ఆరు అయిపోయాయి. అవతల చెరువులో సత్తియ్య ఛాతీ లోతు నీళ్లలో నిలబడి, రెక్కల మధ్య చేతులు పెట్టి తాడు కోస్తున్నాడు. ఆ రెక్క తిరిగిందంటే చేతులు ఉండవు. డైరెక్ట్ ఇచ్చిన కరెంటు, పాత మోటారు... చేతులతో పోదు.

నిలుపుదల మళ్లీ నొక్కాను. స్క్రీను మీద చక్రం తిరుగుతోంది... తిరుగుతూనే ఉంది. మళ్లీ నొక్కాను. అదే చక్రం. నా వేలు దగ్గరే పెద్ద స్విచ్ ఉంది, మొత్తం ఆపేసేది. దాని మీద చెయ్యి వేశాను కూడా. అప్పుడు గుర్తొచ్చింది. కంప్యూటర్ ఆగితే ఏరేటర్లన్నీ తిరుగుతాయి. ఆరోది కూడా. నా గొప్ప ఆలోచన. చెయ్యి తీసేశాను. మెయిన్ దగ్గరికి పోవాలంటే సత్తియ్య ఉన్న చోటి కంటే ఇంకా దూరం.

పరిగెత్తాను.

"బాబాయ్! సత్తియ్య బాబాయ్!" గొంతు చించుకున్నాను. మిగిలిన ఏరేటర్ల హోరులో నా కేక నాకే వినపడలేదు. గట్టు మీద బంకమన్ను. చెప్పు ఒకటి జారి నీళ్లలో పడింది, రెండోది నేనే విసిరేశాను. వెనక రాజు గారు ఆయాసపడుతూ వస్తున్నారు. మంచులో ఏమీ కనపడటం లేదు. దూరంగా చిన్న వెలుగు... గట్టు మీద పెట్టిన సత్తియ్య టార్చి. దాని పక్కన నీళ్లలో ఒక నల్లటి తల.

ఇంకా దూరం ఉంది. ఇంకా చాలా దూరం ఉంది. ఎంత పరిగెత్తినా ఆ వెలుగు దగ్గరికి రావడం లేదు.

అప్పుడు...

అప్పుడు విజిల్ వినపడింది.

కుయ్... కుయ్. రెండు పొట్టి కూతలు.

ఆ హోరులో నా కేక వినపడలేదన్నాను కదా. ఆ విజిల్ వినపడింది. స్పష్టంగా. చెవి పక్కన ఊదినంత స్పష్టంగా. కానీ దగ్గరి నుంచి రాలేదు. ఉత్తరం నుంచి కాదు. దక్షిణం నుంచి కాదు. తూర్పు నుంచి వచ్చింది.

తూర్పున నాలుగో చెరువు. అంతకుముందు నెలే పట్టుబడి అయిపోతే నీళ్లన్నీ తోడేసి ఎండగట్టారు. అక్కడ రొయ్య లేదు, కాపలా లేదు, మనిషి పనే లేదు.

నీళ్లలో నల్లటి తల ఆగింది. ఒక్క క్షణం... కదల్లేదు. గంట కొట్టే వేళ కాదు కదా, ఆయనకీ అనుమానం వచ్చి ఉంటుంది. నేను పరిగెత్తుతూనే ఉన్నాను. అప్పుడు మళ్లీ...

కుయ్... కుయ్.

సత్తియ్య రెక్క వదిలేశాడు. రెండు చేతులతో నీళ్లు తోసుకుంటూ ఒడ్డుకి వచ్చాడు. మోకాళ్ల మీద పాకి గట్టెక్కాడు. నీళ్లు కారుతున్న ఒంటితోనే టార్చి తీసి తూర్పుకి ఎత్తాడు. విజిల్ నోట్లో పెట్టుకుని రెండు కూతలు బదులు కూశాడు.

ఆయన వెనక ఆరో నంబరు లేచింది.

ధబ్... ధబ్... ధబధబధబ. ఆయన చేతులు అప్పటిదాకా ఉన్న చోటే. నీళ్లు తెల్లగా పైకి లేచాయి. సగం కోసిన తాడు ముక్క రెక్కతో పాటు తిరుగుతూ నీళ్లని కొరడాలా కొడుతోంది. సత్తియ్య వెనక్కి తిరిగి చూశాడు. చూస్తూ అలాగే నిలబడిపోయాడు.

నేను యాభై అడుగుల దూరంలో ఆగిపోయాను.

ఇక్కడితో అయిపోయి ఉంటే నేను ఇంత దూరం చెప్పను. ఎవరో పొరపాటున ఊదారు, అదృష్టం అనుకుని ఊరుకునేదాన్ని.

వాళ్ల పద్ధతి చెప్పాను కదా. బదులు విన్నాక మొదటి మనిషి ఒక్క కూత కూసి సరే అనాలి.

వచ్చింది.

తూర్పు నుంచి. ఎండిన చెరువులో నుంచి. ఒక్కటే... పొడుగ్గా... తీరిగ్గా. కుయ్...

నేను విన్నాను. సత్తియ్య విన్నాడు. అప్పుడే వచ్చి నా వెనక నిలబడ్డ రాజు గారు కూడా విన్నారు. ఆయన చెయ్యి నా భుజం మీద పడి బిగుసుకుంది. పరుగున వెళ్లి సత్తియ్య చేతిలోంచి టార్చి లాక్కుని నేను తూర్పుకి వేశాను. పగుళ్లు విచ్చిన మట్టి. తెల్లటి సున్నం చల్లిన మట్టి. ఆ సున్నం మీద ఒక్క అడుగు గుర్తు లేదు. ఆ చివర నుంచి ఈ చివర దాకా వేశాను. ఏమీ లేదు. మంచు కదులుతోంది, అంతే.

నా ఫోనులో మూడూ ముప్పై.

కాసేపటికి మిగిలిన ఇద్దరు కాపలావాళ్లూ వచ్చారు. నేను వాళ్లని ఒకటే అడిగాను, ఎవరు ఊదారు, ఎన్ని కూతలు విన్నారు, ఎప్పుడు విన్నారు. నా పనే అది కదా, ఎవరి లెక్క ఎక్కడ తప్పిందో కనిపెట్టడం. ఉత్తరపాయన తాను ఊదలేదన్నాడు. సత్తియ్య బదులు మాత్రమే విన్నానన్నాడు, అప్పుడు తన వాచీలో మూడూ ఇరవై అయిదన్నాడు. దక్షిణపాయన అన్ని కూతలూ విన్నానన్నాడు, కానీ అవి ఉత్తరం నుంచి వచ్చాయన్నాడు, తన ఫోనులో మూడూ ముప్పై నాలుగన్నాడు. ఫోను చూపించమంటే సరిగ్గా నా ఫోను ఎంత చూపిస్తోందో అంతే చూపిస్తోంది. మరి ముప్పై నాలుగెలా అయిందయ్యా అంటే, అప్పుడు అంతే ఉందండి అన్నాడు. ముగ్గురు మనుషులు, మూడు మాటలు, మూడు సమయాలు. ఇద్దరి మీదా అరిచాను. వాళ్లు ఒట్టేసి అదే చెప్పారు.

"తీతువు పిట్టయ్యుంటుందమ్మా," అన్నారు రాజు గారు చివరికి.

"తీతువు పిట్ట బదులుకి బదులు కూస్తుందాండీ?" అన్నాను.

ఆయన తువ్వాలు దులుపుకుని షెడ్డు వైపు నడిచారు.

తెల్లారాక ఎండెక్కేదాకా ఆగి, చెరువుల మీద మనుషుల్ని పెట్టి, ఏరేటర్లని చేత్తో నడిపిస్తూ కంప్యూటర్‌ని పూర్తిగా ఆపేశాను. ఈసారి రెండు స్విచ్‌లనీ నా రెండు చేతులతో ఒకేసారి వేయబోతుంటే రాజు గారు వెనక నుంచి మెల్లిగా అన్నారు, "వర్జ్యం వెళ్లేదాకా ఆగుదామా అమ్మా?"

నేనేమన్నానో ఇక్కడ చెప్పలేను. ఇన్నేళ్లలో ఒక పెద్దాయన్ని అంత మాట నేనెప్పుడూ అనలేదు. ఆయన మాత్రం కిక్కురుమనకుండా వెళ్లి, ఆ మధ్యాహ్నమే ఆరో నంబరుకి కొత్త బ్రేకర్ వేయించారు. ఆ రోజు నుంచి రెండు పెట్టెల లెక్కా ఒకటే. వరసలు ఎక్కడా వెనక్కి నడవడం లేదు. యంత్రం తప్పు ఎక్కడుందో నాకు అణువణువూ తెలుసు, కాగితం మీద గీసి చూపించమన్నా చూపిస్తాను. ఆ విజిల్ సంగతే నాకు తెలియదు. నెల రోజుల పాటు ఆలోచించాను. గాలి అనుకున్నాను, ప్రతిధ్వని అనుకున్నాను. ఊదకముందే వచ్చే ప్రతిధ్వని ఎక్కడుందండీ? ఒకరోజు మధ్యాహ్నం వెళ్లి ఆ ఎండిన చెరువులో అడుగడుగూ తిరిగొచ్చాను. చిరాకు తప్ప ఏమీ దొరకలేదు.

సరిగ్గా ఆ వారంలోనే ఒకావిడ మా షాపుకి వచ్చింది. చేతిలో మూత పెట్టిన ప్లాస్టిక్ బకెట్టు. లోపల ఏదో టపటపా కొట్టుకుంటోంది. రెండు బస్సులు మారి వచ్చిందట, చెమటలు కారుతున్నాయి.

"నేను నాగమ్మనండి. సత్తియ్య ఇంటిదాన్నండి," అంది. "కొరమేనులండి. బతికున్నాయి. మీకని తెచ్చాను."

"నాకెందుకండీ ఇవి?" అన్నాను.

"అదేంటండి అలాగంటారు! మా ఆయన అంతా చెప్పాడండి. మిషను తేడాగా ఉందని మీరు ముందే కనిపెట్టేసి, కేకేస్తే వినపడదని విజిలేశారంట కదండి. గట్టెక్కి చూస్తే మీరు పరిగెత్తుకొస్తున్నారంట, కాళ్లకి చెప్పుల్లేకుండా. మీరే లేకపోతే ఈపాటికి నా బొట్టు ఉండేది కాదండి." అంటూనే వంగి నా కాళ్లు పట్టుకోబోయింది. నేను వెనక్కి దూకాను. వెనకున్న బల్ల తగిలింది.

"విజిల్ నేను వేయలేదు నాగమ్మ గారూ. నా దగ్గర విజిలే లేదు. నిజం చెప్తున్నా," అన్నాను.

ఆవిడ నవ్వింది. కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "మీరు కాకపోతే ఇంకెవరుంటారండి ఆ గట్టు మీద?"

నేను చెప్పాలనుకున్నది ఇంకొకటి ఉంది. దిగమన్నది నేనే అని. నాదీ పూచీ అన్నది నేనే అని. ఆ రెండు స్విచ్‌లు వేసిన రోజు ఫంక్షన్‌కి పోకుండా నేను అక్కడికి వెళ్లి ఉంటే ఇదంతా జరిగేదే కాదని. నోరు తెరిచాను కూడా. ఆవిడ బకెట్టు బల్ల పక్కన పెట్టి, చెంగు దులుపుకుని, వెళ్లబోతూ గుమ్మంలో ఆగింది.

"ఇంకొక్క మాటండి. ఆయన భయపడి పని మానేస్తానంటాడేమో అనుకున్నాను. మానలేదండి. ఎవరు చెప్పినా వినడంట. లక్ష్మి మేడంగారు దిగమంటేనే నీళ్లల్లో దిగుతాడంటండి."